స్కర్ట్ యూనిఫాం, దుబాయ్ ఉక్కపోత, ఒరుసుకుపోయే తొడలు

వరంగల్ నుంచి దుబాయ్‌కి హోటల్ పని మీద వెళ్లే ఆడపిల్లకు ఇంట్లో వాళ్లు అన్ని జాగ్రత్తలూ చెబుతారు. పాస్‌పోర్టు జిరాక్సులు రెండు చోట్ల పెట్టుకోమంటారు. సకినాలు, మామిడికాయ తొక్కు సంచిలో కుక్కుతారు. దిగగానే ఫోన్ చేయమంటారు. స్కర్ట్ వేసుకుని ఆ ఉక్కపోతలో రోజంతా నడిస్తే తొడలు ఒరుసుకుపోయి పుండు పడుతుందని మాత్రం ఎవరూ చెప్పరు.

నేను అక్కడ ఒక హోటల్ రెస్టారెంట్‌లో సర్వీస్ పని చేస్తాను. మా స్టాఫ్ అకామడేషన్‌లో తెలుగువాళ్లం, మలయాళీలు, నేపాలీలు, ఫిలిప్పీన్స్ అమ్మాయిలు కలిసి ఉంటాం. ఎండలు ముదిరాక రాత్రి బస్సు దిగి, కాళ్లు ఎడంగా వేస్తూ మెట్లెక్కే వాళ్లు ఒకరిద్దరైనా కనిపిస్తారు. అందరికీ తెలిసిన బాధే. అయినా ఎవరూ నోరు విప్పరు.

ఈసారి సెలవుకు హన్మకొండ వచ్చేసరికి మా అక్క బిడ్డ కూడా అదే పనికి బయలుదేరుతోంది. వంటింట్లోకి తీసుకెళ్లి మెల్లగా అడిగింది. "చిన్నమ్మా, స్కర్ట్ మోకాళ్ల దాకనే ఉంటదట. లోపల ఏం వేసుకోవాలె?" సరైన ప్రశ్న. ఆ పూట కూర్చుని దానికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ నుంచి కూడా అమ్మాయిలు ఇలాంటి ఉద్యోగాలకు వెళ్తున్నారు, వాళ్లకూ పనికొస్తుంది.

ముందు ఎండ సంగతి. మన దగ్గర మే నెలలో 44 డిగ్రీలు కొత్తేమీ కాదు. ఒళ్లు మాడిపోతుంది గానీ, ఆ వడగాలికి చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. దుబాయ్ సముద్రం ఒడ్డున ఉంది. జులై, ఆగస్టుల్లో రాత్రి డ్యూటీ దిగి బయటికొచ్చినా గాలి తడిగానే ఉంటుంది, చెమట ఆరదు. తడికి చర్మం మెత్తబడుతుంది. మెత్తబడ్డ చర్మం ఒకదానికొకటి అంటుకుంటూ, అడుగడుగునా ఒరుసుకుంటూ ఉంటే పైపొర లేచిపోతుంది. హోటల్ పనిలో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. హాల్లో ఏసీకి చెమట ఆరి ఉప్పు మిగులుతుంది. ప్లేట్లు తీసుకుని వంటగది వేడిలోకి వెళ్తే మళ్లీ చెమట. గరుకుగా పేరుకున్న ఆ ఉప్పు మీదే మళ్లీ రాపిడి. అక్కడ బయట ఎండలో చేసే పనులకు జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఆపాలని ప్రభుత్వ రూలు ఉంది. సైట్లలో కష్టపడే మన సిరిసిల్ల, జగిత్యాల అన్నలకు అది వర్తిస్తుంది. హోటల్ లోపల పనిచేసే మాకు అలాంటిదేమీ లేదు, మా జాగ్రత్త మేమే పడాలి.

లావుగా ఉన్నవాళ్లకే ఇది వస్తుందని అనుకుంటారు. అది తప్పు. సన్నగా ఉన్నా, తొడల పైభాగం ఆనుకునే ఒంటితీరు ఉంటే వస్తుంది. "బరువు తగ్గు, అదే పోతది" అని సలహా ఇచ్చేవాళ్ల మీద నాకు నిజంగా కోపం వస్తుంది. ఆ మాటకు భయపడే పిల్లలు పుండు పడ్డా దాచుకుంటారు.

సల్వార్‌లోనో, ప్యాంటులోనో ఈ బాధ అంతగా తెలియదు. రెండు తొడల మధ్య గుడ్డ ఉంటుంది కాబట్టి. మా నాయనమ్మ నాట్లకు, కలుపుకు పోయేటప్పుడు చీరను గోచి పెట్టి కట్టేది. బురదలో వంగి లేవడానికి అది అనువు, పైగా తొడకూ తొడకూ మధ్య బట్ట అడ్డం ఉంటుంది. స్కర్ట్ కింద ఆ పని చేసేది బిగుతుగా పట్టి ఉండే సైక్లింగ్ షార్ట్స్. నా లెక్కలో అన్నిటికన్నా ముందు కొనాల్సింది అదే, మిగతావన్నీ దాని తర్వాతే.

కొనేటప్పుడు తిరగేసి చూడాలి. తొడ లోపలివైపు వచ్చే కుట్టు మీద బొటనవేలు రాయాలి. కుట్టు ఉబ్బెత్తుగా తగిలితే వద్దు, ఆ కుట్టే కోస్తుంది. పొడవు ఒరుసుకునే చోటు దాటి కనీసం నాలుగు వేళ్లు కిందికి రావాలి. వేసుకుని కూర్చుని లేచి చూడాలి. అంచు చుట్టుకుని పైకి వస్తే ఆ సైజు పనికిరాదు. మనకు కాటన్ మీద నమ్మకం ఎక్కువ, ఇంట్లో అయితే సరే. కానీ గంటల తరబడి చెమట పట్టే చోట కాటన్ తడి పీల్చుకుని అలాగే ఉండిపోతుంది. సాగే గుణమున్న పలుచని నైలాన్ రకం తొందరగా ఆరుతుంది. నెలసరి రోజుల్లో ప్యాడ్ అంచులు కూడా తొడలను కోస్తాయి, షార్ట్స్ ఉంటే ప్యాడ్ కదలకుండా ఉంటుంది. నలుపు రంగువి నాలుగైనా కొనిపెట్టుకోవాలి. మాసినవి, సరిగా ఆరనివి మళ్లీ వేసుకుంటే తామరను పిలిచి తెచ్చుకున్నట్టే.

షార్ట్స్ వేసుకోలేని రోజు ఉంటే వ్యాజలైన్. స్నానం చేసి, పూర్తిగా తుడుచుకుని, డ్యూటీకి ముందే రాసుకోవాలి. మంట మొదలయ్యాక రాస్తే ఉపశమనమే తప్ప ఆపినట్టు కాదు. నాలుగైదు గంటలకు పలుచబడుతుంది, బ్రేకులో మళ్లీ రాయాలి. మళ్లీ రాసేముందు తడి గుడ్డతో ఉప్పు తుడిచి, అద్ది ఆరబెట్టుకోవడం మరవొద్దు. వ్యాజలైన్ జిడ్డు బట్టకు అంటుతుంది. అది నచ్చనివాళ్లకు డైమెథికోన్ అనే ఒక రకం సిలికాన్ ఉండే జెల్‌లు దొరుకుతాయి, రాసిన చోట పట్టులా జారుతుంది. కొబ్బరి నూనె పనిచేస్తుంది గానీ తొందరగా ఇంకిపోతుంది. పౌడర్ మాత్రం నేను చెప్పను. కాసేపు పొడిగా అనిపిస్తుంది, చెమట ఎక్కువయ్యాక ఉండలు కట్టి అదే గీరుకుంటుంది.

చర్మం లేచిపోతే గోరువెచ్చని నీళ్లతో కడిగి, రుద్దకుండా అద్ది తుడవాలి. జింక్ ఆక్సైడ్ క్రీమో, వ్యాజలైనో పలుచగా రాసి రాత్రి వదులైన కాటన్ బట్టలు వేసుకుని పడుకోవాలి. డెట్టాల్ పోయడం, బాడీ స్ప్రే కొట్టడం వద్దు. మానిన తర్వాత మిగిలే నల్లమచ్చను నిమ్మకాయతో, స్క్రబ్‌తో రుద్దొద్దు. రాపిడి వల్ల వచ్చిన నలుపు రుద్దితే ఇంకా ముదురుతుంది.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. మన దగ్గర మెడికల్ షాపులో "గజ్జలో దురద" అనగానే ఒక ట్యూబు చేతిలో పెడతారు. వాటిలో చాలా వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజుల్లో మంట తగ్గుతుంది, అందుకే అందరూ నమ్ముతారు. లోపల తామర ఉంటే అది రూపం మార్చుకుని పాకుతుంది, చర్మం పలుచబడుతుంది. ప్రిస్క్రిప్షన్ లేకుండా ఇలాంటివి అమ్మొద్దని 2018లో కేంద్రం రూలు తెచ్చినా చేతికి అందుతూనే ఉన్నాయి. ఆ ట్యూబులు సూట్‌కేసులో పెట్టుకుని గల్ఫ్‌కు వెళ్లొద్దు. గుండ్రంగా అంచులు కట్టి దురద పెడుతున్నా, ఎర్రబడి చుట్టూ చిన్న పొక్కులు వస్తున్నా, చీము కనిపించినా డాక్టర్‌కు చూపించాలి. మాటిమాటికీ వస్తుంటే షుగర్ టెస్ట్ కూడా చేయించాలి. వెళ్లేముందే అనుమానం ఉంటే వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మం డాక్టర్లు ఉన్నారు.

చివరిది, పనిచేసే చోట అడగడం. మన పిల్లలు జీతం గురించి అడుగుతారు గానీ యూనిఫాం గురించి అడగరు. స్కర్టా, ప్యాంటా? సైజు మార్చి ఇస్తారా? లోపల నల్ల షార్ట్స్ వేసుకోవచ్చా? ఇవి ఇంటర్వ్యూలోనే అడగొచ్చు. వెళ్లాక అయితే ముందు ఆడ సూపర్‌వైజర్‌కు చెప్పడం తేలిక. నేను చెప్పాలనుకున్నప్పుడు సిగ్గు అడ్డం వచ్చి నోటితో కాకుండా మెసేజ్ పెట్టాను. "నడిచేటప్పుడు చర్మం ఒరుసుకుపోతోంది, పనికి ఇబ్బందిగా ఉంది, ప్యాంటు యూనిఫాం ఇప్పించండి." కారణం అంతకన్నా వివరంగా చెప్పనవసరం రాలేదు. ప్యాంటు ఇచ్చారు. ఆ మెసేజ్‌ను ఇంగ్లిష్‌లో రాసి మా అక్క బిడ్డ ఫోన్‌లో కూడా సేవ్ చేసి పెట్టాను.