లీటరుకు 22, లారీ వెనక 11 నిమిషాలు

మొన్న ఆదివారం పిడుగురాళ్ల నుంచి గుంటూరు వస్తూ, సత్తెనపల్లి ఇంకా రాకముందే ఒక సున్నం లారీ వెనక చిక్కుకున్నాను. గడియారం చూసుకుని చెబుతున్నా, 11 నిమిషాలు. లారీ 45 దాటడం లేదు. పైన కప్పిన పట్టా ఒక మూల ఊడి టపటపా కొట్టుకుంటోంది, తెల్లటి పొడి వచ్చి నా అద్దం మీద పడుతోంది. ఎదురుగా బస్సు, దాని వెనక ట్రాక్టరు, ఆ వెనక మళ్లీ లారీ. మధ్యలో రెండుసార్లు ఖాళీ దొరికింది. పాత డీజిల్ బండి అయితే మొదటి ఖాళీలోనే బయటపడేదాన్ని. ఈ హైబ్రిడ్ బండితో ధైర్యం చాల్లేదు. పక్క సీట్లో అమ్మ, "ఆగవే, పొయ్యి మీద ఏమన్నా పెట్టొచ్చావా?" అంటోంది. ఆవిడకి ఈ కారు అందుకే ఇష్టం. నాకు ఎందుకిష్టమో, ఎక్కడ కాదో రాద్దామని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఆ 11 నిమిషాల్లో కుదిరింది.

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఇల్లు గుంటూరు బ్రాడీపేటలో, కాలేజీ విజయవాడ పటమటలో. రానూపోనూ రోజుకు 70 కిలోమీటర్ల పైమాటే. పుట్టిల్లు పిడుగురాళ్ల కాబట్టి నెలకు రెండు ఆదివారాలు అటు. అన్నీ కలిపితే నెలకు 2,000 కిలోమీటర్లు. అంతకుముందు పదేళ్లు ఒక 1.3 లీటర్ల డీజిల్ హ్యాచ్‌బ్యాక్ తిప్పాను. అది ఇంజన్ నిమిషానికి 1,500 చుట్లు (ఆర్‌పీఎం) తిరిగేదాకా మొద్దునిద్ర పోయి, 2,000 రాగానే వీపు మీద చరిచినట్టు ఉరికేది. ఆ ఉరుకు నాకు అలవాటైపోయింది. 2023లో దాన్ని అమ్మేసి ఈ స్ట్రాంగ్ హైబ్రిడ్ తీసుకున్నాను. 1.5 లీటర్ల పెట్రోల్ ఇంజన్, దానికి తోడు మోటారు. రెండూ కలిపి 115 హార్స్‌పవర్.

కొన్న కొత్తలో అందరిదీ ఒకటే ప్రశ్న, ఛార్జింగ్ ఎక్కడ పెడతారని. దీన్ని ప్లగ్గుకు తగిలించే పనే లేదు, బ్యాటరీ నడుస్తుండగానే నిండుతుంది. మంగళగిరి బంకులో కుర్రాడైతే పైపు చేత్తో పట్టుకుని, "కరెంటు బండి కదా మేడమ్, పెట్రోలెందుకు?" అన్నాడు. అసలు ప్రశ్న మాత్రం క్లాసులో వచ్చింది. చివరి బెంచీ పిల్లాడు లేచి, "మేడమ్, బ్యాటరీలో కరెంటు కూడా పెట్రోలు నుంచి వచ్చిందే కదా. శక్తి నిత్యత్వ నియమం ప్రకారం మీకు లాభం ఎక్కడిది?" అన్నాడు. ఆ రోజు సిలబస్ పక్కన పెట్టేశాను.

బోర్డు మీద లెక్క వేశాం. 1,300 కిలోల బండి 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దాని గతిశక్తి దాదాపు 1.8 లక్షల జౌళ్లు. మామూలు కారులో బ్రేకు తొక్కితే అదంతా వేడిగా పోతుంది. ఇందులో కాలు తీయగానే మోటారే జనరేటరుగా మారి అందులో కొంత వెనక్కి లాగి బ్యాటరీలో వేస్తుంది. బ్యాటరీ పెద్దదేమీ కాదు, 0.76 యూనిట్లు, అంటే సుమారు 27 లక్షల జౌళ్లు. మన ఇళ్లలో ఉండే 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీలో సగం కూడా కాదు. ఒక్క జౌలు కూడా పోకుండా మొత్తం వెనక్కి వచ్చిందనుకున్నా, నిండడానికి పదిహేను బ్రేకులు పడతాయి. "అంటే మేడమ్, బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ఒక సాయంత్రం చాలు," అన్నాడు వాడు. క్లాసంతా నవ్వింది గానీ, వాడన్నదాంట్లో సగం నిజముంది.

ఎందుకంటే ఈ బండి జాతకమే తిరగబడి ఉంటుంది. ఏ బండైనా ట్రాఫిక్‌లో ఎక్కువ తాగుతుంది, హైవే మీద తక్కువ తాగుతుంది. నాది కృష్ణ మీద వారధి దిగాక బెంజి సర్కిల్ మీదుగా పటమట చేరే ఆ కాస్త దూరంలో, అందరూ హారన్లు కొట్టుకుంటూ ఏడుస్తుంటే, లీటరుకు 25, 26 చూపిస్తుంది. ఆగితే ఇంజన్ ఆగిపోతుంది. కదలడం మోటారుతోనే. హైవే మీద 80తో పోతే 22, 23. 100 దాటించానా, 18కో 19కో పడిపోతుంది. మన గాలి ఊరుకోదు కదా. 80 నుంచి 110కి వెళ్తే గాలి అడ్డు దాదాపు రెట్టింపవుతుంది, అక్కడ బ్రేకులూ లేవు, వెనక్కి రాబట్టుకునేదీ లేదు. నా 35 కిలోమీటర్లలో 30 హైవేనే. అంటే నిజం చెప్పాలంటే, నా రోడ్డుకు సరిగ్గా నప్పని బండి కొన్నాను. కొనే ముందు ఈ లెక్క వేయాల్సింది ఫిజిక్స్ టీచరే. వేయలేదు. అది నా తప్పు.

అయినా రోజూ నడిపేటప్పుడు నా కాలు దానంతటదే మారింది. నాగార్జున యూనివర్సిటీ దాటేటప్పటికి 80 దగ్గర నిలబెడతాను, కాజా టోల్ కనిపించగానే కాలు తీసేస్తాను, గేటు దాకా బండి దానంతటదే దొర్లుకుంటూ పోతుంది. వెనకాల వాళ్లు తిట్టుకుంటారు, తెలుసు.

వేగం విషయం. సిగ్నల్ పడగానే మొదటి ముప్పై నలభై మీటర్లు ఈ కారు బాగా చురుకు. మోటారుకు టార్క్, అంటే తిప్పే బలం, సున్నా వేగం నుంచే ఉంటుంది కాబట్టి బందరు రోడ్డు మీద నన్ను దాటి ముందుకు దూరే ఆటోలు తక్కువ. చిక్కల్లా 70 నుంచి 100కి పోవాల్సి వచ్చినప్పుడు. ఇందులో మనకు తెలిసిన గేర్లు లేవు. సూర్యుడి చుట్టూ గ్రహాలు తిరిగినట్టుండే ఒక పళ్లచక్రాల అమరికలో ఇంజన్, జనరేటరు, మోటారు మూడూ కలిసి ఉంటాయి. గట్టిగా తొక్కితే ఇంజన్ ముందు తన గరిష్ఠ శక్తి వచ్చే ఆర్‌పీఎం దగ్గరికి దూకి అక్కడే కూర్చుంటుంది. వేగం తర్వాత నెమ్మదిగా వస్తుంది. వినడానికి మిక్సీలో మినప్పప్పు రుబ్బుతున్నట్టు ఉంటుంది. చప్పుడు ముందు, ఉరుకు వెనక. మా తమ్ముడు మొదటిసారి ఎక్కినప్పుడే తేల్చేశాడు, "అక్కా, నీ కారు మొరుగుతుంది గానీ కరవదు."

తప్పు దానిది కాదు, దాన్ని అలా చేశారు. ఈ ఇంజన్లు నడిచేది అట్కిన్సన్ పద్ధతిలో. జేమ్స్ అట్కిన్సన్ అనే ఇంగ్లండ్ ఇంజనీరు 1880లలో కనిపెట్టిన ఆలోచన. గాలిని నొక్కే దూరం తక్కువ, మండాక వ్యాకోచించే దూరం ఎక్కువ ఉండేలా చూస్తారు. ఇప్పటి ఇంజన్లలో గాలి లోపలికొచ్చే ఇన్‌టేక్ వాల్వును కాస్త ఆలస్యంగా మూసి అదే ఫలితం రాబడుతున్నారు. చెరుకుగడను ఒకసారి తిప్పి పారేయకుండా మడిచి ఇంకోసారి మిషన్లో పెట్టి పిండుతారే, అలాగన్నమాట. చుక్క వదలదు. కాకపోతే లోపలికి వెళ్లిన గాలే తక్కువ కాబట్టి, అదే సైజు మామూలు ఇంజనంత బలం రాదు. ఆ లోటు పూడ్చడానికే మోటారు. 1997లో టయోటా జపాన్‌లో మొదటి ప్రియస్ అమ్మినప్పుడూ కిటుకు ఇదే. పవర్ మోడ్ అని ఒక బటన్ ఉంది గానీ, అది కొత్తగా ఒక్క హార్స్‌పవర్ కూడా తేదు. యాక్సిలరేటర్‌ని కొంచెం తొందరపెడుతుంది, అంతే.

పోయిన కార్తీకంలో కోటప్పకొండ వెళ్లాం. ఐదుగురం, కొబ్బరికాయల సంచులు. ఘాట్ రోడ్డు మొదట్లో బాగానే ఎక్కింది. పైకి పోయేకొద్దీ బ్యాటరీ గీతలు ఒక్కొక్కటీ తగ్గిపోయి చివరికి ఒకటే మిగిలింది, ఇంజన్ ఒంటరిగా మూలుగుతూ లాగింది. ఎక్కడం ఎక్కింది, కానీ మా ఆయన దారంతా డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టి కూర్చున్నారు, తోస్తున్నట్టు. దిగేటప్పుడు ఇంకో విచిత్రం. కాలు ఆనించకుండా దిగుతుంటే బ్యాటరీ గబగబా నిండిపోయింది. నిండాక ఇక పెట్టుకోవడానికి చోటు లేదు కాబట్టి, పెట్రోలు చుక్క కాల్చకుండా ఇంజన్‌ని ఊరికే గిరగిరా తిప్పి ఆ శక్తిని ఖర్చుపెట్టింది. ఒక్కసారిగా ఊళ వేసినట్టు శబ్దం వచ్చేసరికి మా ఆయన, "ఏదో పోయింది, ఆపు ఆపు!" అన్నారు. ఏమీ పోలేదని నమ్మించడానికి కిందకి దిగేదాకా పట్టింది.

ఇక డబ్బు. అదే మోడల్ మామూలు పెట్రోల్ బండి కన్నా నేను మూడున్నర లక్షలు ఎక్కువ పెట్టాను. అప్పట్లో దీని మీద జీఎస్టీ, సెస్సు కలిపి 43 శాతం, పూర్తి కరెంటు బండికేమో 5 శాతమే. ఉత్తరప్రదేశ్‌లో 2024లో స్ట్రాంగ్ హైబ్రిడ్లకు రిజిస్ట్రేషన్ పన్ను తీసేశారని పేపర్లో చదివిన రోజు కాఫీ చేదుగా అనిపించింది. నేను లైఫ్ ట్యాక్స్ మొత్తం కట్టేసి ఉన్నాను. మామూలు బండి నా రోడ్డు మీద 15 ఇస్తుందనుకుంటే నెలకు 133 లీటర్లు, నాకు పట్టేది 91. తేడా 42 లీటర్లు. మన రాష్ట్రంలో వ్యాట్ 31 శాతం, పైన లీటరుకు 4 రూపాయలు, మళ్లీ రోడ్డు సెస్సు ఒక రూపాయి, వెరసి లీటరు 109 చొప్పున నెలకు 4,600 మిగులుతోంది. మూడున్నర లక్షలు రావాలంటే ఆరేళ్లు దాటుతుంది. బ్యాటరీ వారంటీ 8 ఏళ్లు. మా నాన్న ఈ లెక్క విని, "చీటీ వేసుకున్నా అంతే వచ్చేది కదమ్మా," అన్నారు.

డిక్కీ గురించి నాన్నకు ఇంకా పెద్ద కంప్లైంట్. బ్యాటరీ వెనకే ఉండటంతో చోటు బాగా తగ్గిపోయింది. పిడుగురాళ్ల నుంచి రెండు బియ్యం బస్తాలు, ఆవకాయ జాడీ పెడితే సూట్‌కేసు ఒళ్లో పెట్టుకోవాల్సిందే. వెనక సీటు పక్కన బ్యాటరీకి గాలి పోయే జాలీ ఒకటుంది, దానికి అడ్డంగా ఏమీ పెట్టకూడదు. అమ్మ అక్కడే మునక్కాయల కట్ట ఆనిస్తుంది, ప్రతిసారీ.

మేలో ఇంకో సంగతి గమనించాను. ఎండ 44, 45 ఉన్న రోజు సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగినా ఏసీ ఆగదు, బ్యాటరీతో నడుస్తుంది. హాయే. కానీ రెండు మూడు నిమిషాలకే ఇంజన్ లేచి బ్యాటరీ నింపడం మొదలుపెడుతుంది. జనవరిలో నా నోట్‌బుక్‌లో లీటరుకు 23 అని రాసిన చేత్తో మేలో 20 రాయాల్సి వచ్చింది. నోట్‌బుక్ అంటే నిజంగానే నోట్‌బుక్, ట్యాంకు నిండా కొట్టించి మళ్లీ నిండా కొట్టించేదాకా లెక్క. కారు తెర మీద అంకె ఎప్పుడూ ఒకటిన్నర ఎక్కువే చూపిస్తుంది, అందుకని దాన్ని నమ్మను.

లెక్కకు రానిది ఒకటుంది. వానాకాలంలో ఒక సాయంత్రం వారధి జామ్ అని విని ప్రకాశం బ్యారేజీ మీదుగా ఉండవల్లి వైపు మళ్లాను. బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు. బళ్లన్నీ నడకలాగే సాగుతున్నాయి. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఇంజన్ ఒక్కసారి కూడా లేవలేదు. గేట్లు ఎత్తారు. అద్దం కాస్త దించితే కృష్ణ హోరు తప్ప నా కారులోంచి ఏ శబ్దమూ లేదు. పదేళ్లు డీజిల్ బండిలో అదే బ్యారేజీ దాటాను, ఆ నీళ్లు అంత దగ్గరగా వినపడతాయని నాకు తెలీదు.

దసరాకి తమ్ముడితో వారం రోజులు బళ్లు మార్చుకున్నాను. వాడిది 160 హార్స్‌పవర్ టర్బో పెట్రోల్. వాడు నా కారులో సామర్లకోట వెళ్లొచ్చి, 21 ఇచ్చిందక్కా అని ఫోన్ చేశాడు, గొంతులో మర్యాద కనిపించింది. నేను వాడి కారులో పిడుగురాళ్ల వెళ్లాను. పేరేచర్ల నుంచి ఏడు లారీలు దాటాను, అమ్మ కళ్లు మూసుకుని వెంకటేశ్వరస్వామిని తలుచుకుంది. గుంటూరు వచ్చి ట్యాంకు నింపితే 11.8 తేలింది.

ఆ వారం లెక్క నోట్‌బుక్‌లో రాయలేదు.