బిరుదు పట్టని కాగితం

ఆదివారం మధ్యాహ్నాలు విశాఖ ఎంవీపీ కాలనీలో మా పిన్నివాళ్ల డాబా మీద చాప పరుచుకుని ఐదుగురం డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం. తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట. ఆట నడిపే డన్జన్ మాస్టర్, అంటే డీఎమ్, మా పిన్ని కొడుకు. నాకంటే తొమ్మిదేళ్లు చిన్నవాడు, కానీ ఆటలో వాడు చెప్పిందే శాసనం. బావ ఫైటరు, నేను విజార్డ్‌ని, అంటే మాంత్రికుణ్ణి. మిగతా ఇద్దరూ వాడి కాలేజీ స్నేహితులు: ఆ అమ్మాయి దొంగ, ఆ అబ్బాయి పూజారి. మెట్ల గది నీడలో కుర్చీ వేసుకుని అమ్మమ్మ చూస్తుంటుంది. మేం ఆడేది అష్టాచెమ్మాయే, కాకపోతే చదువుకున్నవాళ్ల అష్టాచెమ్మా అని ఆవిడ నమ్మకం.

పోయిన నెల బావ తొమ్మిదో లెవెల్‌కి చేరాడు. గొడవ అక్కడే మొదలైంది. 1974లో ఈ ఆట మొదటిసారి అచ్చయినప్పుడు ఒక్కో లెవెల్‌కీ ఒక్కో పేరుండేది. తొమ్మిదో లెవెల్ ఫైటర్ 'లార్డ్' అవుతాడు. (ఒకటో లెవెల్ వాడి పేరేమో 'వెటరన్'. నిన్న కత్తి కొనుక్కున్నవాడు కాకలు తీరిన యోధుడట!) మావాడికి ఆ పాత పద్ధతులంటే మోజు. బావకి లార్డ్ ఆనలేదు, డ్యూక్ కావాలన్నాడు. అది విని పూజారి కుర్రాడు తనకి బారొనెట్ కావాలన్నాడు, వినడానికి బాగుందని. బారన్ పెద్దా, బారొనెట్ పెద్దా? ఆ పూట డ్రాగన్ గుహ బయటే నిలబడి కొట్టుకున్నాం.

నేను పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసులో బిల్లులు చూస్తాను. లెక్క తేలని వాదన నాకు నిద్ర పట్టనివ్వదు. వారమంతా రాత్రిళ్లు కూర్చుని చదివాను.

ఇంగ్లండు వరస పైనుంచి కిందికి డ్యూక్, మార్క్వెస్, ఎర్ల్, వైకౌంట్, బారన్. ఈ పేర్లలో చాలావాటిని విప్పి చూస్తే ఒకప్పటి కొలువులు బయటపడతాయి. డ్యూక్ మూలం లాటిన్లో సేనాని. యూరప్‌లో కౌంట్ అంటే రాజు వెంట ఉండేవాడు, వైకౌంట్ అతని కింద పనిచేసేవాడు. మార్క్వెస్ సరిహద్దు కాసేవాడు. ఎర్ల్ మాత్రం ఇంగ్లీషువాళ్ల సొంత మాట. దానికి ఆడరూపం లేదు, అందుకే ఎర్ల్ గారి భార్య కౌంటెస్ అవుతుంది. ఇంగ్లండులో మొదటి డ్యూక్ పుట్టిందే 1337లో, మూడో ఎడ్వర్డ్ తన కొడుక్కి కార్న్‌వాల్ ఇచ్చినప్పుడు. వైకౌంట్ 1440 దాకా లేడు.

నాకు బాగా నచ్చింది బారొనెట్. 1611లో మొదటి జేమ్స్ రాజుకి డబ్బు కావాల్సి వచ్చి ఈ బిరుదుని అమ్మకానికి పెట్టాడు. ధర 1,095 పౌండ్లు. ఈ వింత అంకె ఎక్కడిదా అని చూస్తే, ఐర్లండులో 30 మంది సైనికుల్ని మూడేళ్లు పోషించే ఖర్చట. తలకి రోజుకి 8 పెన్నీలు. ముప్ఫై ఎనిమిదులు 240 పెన్నీలు, అంటే ఆ రోజుల్లో సరిగ్గా ఒక పౌండు. మూడేళ్లకి 1,095 రోజులు. ఇన్వాయిస్ ఇంత శుభ్రంగా టాలీ అవడం నా సర్వీసులో చూడలేదు! ఇంతా చేసి బారొనెట్‌కి లార్డుల సభలో కుర్చీ లేదు, బారన్ కంటే కిందే.

మొగలులదీ లెక్కల బుర్రే. మన్సబ్‌దారుకి, అంటే వాళ్ల కొలువులోని అధికారికి, రెండు అంకెలిచ్చేవారు: జాత్ అతని హోదాకీ జీతానికీ, సవార్ అతను మేపాల్సిన గుర్రపు దళానికి.

తర్వాతి ఆదివారం ఇదంతా అప్పజెబుతుంటే అమ్మమ్మ అడ్డొచ్చింది. "ఏటర్రా, ఆ దేశాల గోల? మా రాజా వారి పేరు చదివారేటి?"

అమ్మమ్మది విజయనగరం. వాళ్ల నాన్నగారు దివాణంలో గుమస్తా. ఫోన్లో వెతికి పైకి చదివాను: మహారాజా మీర్జా సర్ పూసపాటి ఆనంద గజపతి రాజు మన్నె సుల్తాన్ బహదూర్ గారు.

"అలాంటి పేరు రాయాలంటే మా నాన్న రెండుసార్లు కలం ముంచేవాడు," అంది.

నాకు ఆఫీసులో ఒక్క కాగితం మీద పది ముద్రలు పడ్డ బిల్ ఆఫ్ ఎంట్రీ, అదే దిగుమతి సరుకు కస్టమ్స్ కాగితం, గుర్తొచ్చింది. మహారాజా సంస్కృతం, మీర్జా పారసీ, సర్ ఇంగ్లీషు దొరలది, గజపతి ఒడిశా ప్రభువుల బిరుదు, సుల్తాన్ అరబ్బీ. మధ్యలో మన్నె, అంటే మన మన్యం. మార్క్వెస్‌కి దగ్గరి చుట్టం ఎవరైనా ఉంటే ఈ మన్నె సుల్తానే, అంచు కొండల దొర. ఈ ప్రాంతాన్ని ఏలిపోయిన ప్రతివాడి ముద్రా పడ్డాక చివర 'గారు'. ఇంగ్లీషు రికార్డులు కూడా దాన్ని వదల్లేదు.

ముద్ర వేసినవాడికి బాకీ ఉంటుంది. కార్తీకంలో దీపోత్సవానికి పద్మనాభం కొండ మెట్లెక్కే చాలామందికి ఆ కింద జరిగిన యుద్ధం సంగతి పట్టదు, నాకూ మొన్నటిదాకా పట్టలేదు. పేష్కష్, అంటే ఏటా కట్టాల్సిన కప్పం, బకాయిల తగాదాలో కుంఫిణీవాళ్లు (ఈస్టిండియా కంపెనీ) విజయనగరం రాజు చిన విజయరామరాజుని మచిలీపట్నం వెళ్లిపొమ్మన్నారు. ఆయన వెళ్లలేదు. 1794 జులై 10న అక్కడే పోరాడి చనిపోయాడు.

అది విన్నాక డాబా మీద కాసేపు ఎవరూ పాచిక వేయలేదు. అప్పుడే నేను ఒక రూల్ పెట్టమన్నాను. ఎవరికి బిరుదిచ్చినా మూడు సంగతులు రాయాలి: ఇచ్చింది ఎవరు, ఏటా ఏం చెల్లించాలి, ఎప్పుడు ఊడుతుంది. డీఎమ్ నసిగాడు. పావుకిలో మాడుగుల హల్వా ముందు పెట్టాక ఒప్పుకున్నాడు.

పూజారికి బారొనెట్ ధర 1,095 బంగారు నాణేలన్నాడు. వాడి సంచిలో అరవై ఉన్నాయి. దొంగ పిల్లని కొండమీది నాలుగూళ్లకి ముఠాదారుని చేశాడు, శిస్తు వసూలు చేసి తన వాటా ఉంచుకోవచ్చు. "అయితే వృత్తి మారలేదు," అంది ఆ పిల్ల. నాకేమో కళాప్రపూర్ణ, అంటే గౌరవ డాక్టరేటు. రాజ్యాంగం 18వ అధికరణం బిరుదుల్ని తీసేసినా చదువుకీ సైన్యానికీ దక్కే గౌరవాల్ని ఉంచింది కదా, పైగా అది మన ఆంధ్రా యూనివర్సిటీ ఇచ్చేదే. విజార్డ్‌కి అంతకంటే ఏం కావాలి! చెల్లింపు కూడా లేదు, ఏడాదికో ఉపన్యాసం తప్ప.

బావకి అసలుసిసలు ముద్రలన్నీ వేశాడు: మహారాజా మీర్జా మంచుకొండల మన్నె సుల్తాన్ బహదూర్. బావ మొహం వెలిగిపోయింది. తర్వాత షరతులు చదివాడు. ఏటా పన్నెండు వేల నాణేల పేష్కష్, పిలిచినప్పుడల్లా రెండొందల మంది బల్లెగాళ్లు, రెండు వాయిదాలు తప్పితే కోట జప్తు.

"ఇది బిరుదురా? ఈఎమ్ఐ!" అన్నాడు బావ. అయినా వదులుకోలేదు. పాత్ర వివరాలు రాసుకునే క్యారెక్టర్ షీట్‌లో పేరు గడి రెండంగుళాలే. అక్షరాలు చిన్నవి చేసుకుంటూ పోయినా 'బహదూ' దగ్గర అంచు వచ్చేసింది, 'ర్' నిలువుగా కింద వేలాడింది.

అమ్మమ్మ కళ్లజోడు సవరించుకుని కాగితంలోకి తొంగిచూసింది.

"గారు ఏదిరా?"

"చోటు లేదమ్మమ్మా."

"గారు లేకపోతే నేను పిలవను."

బావ షీట్ తిప్పి, వెనకవైపు ఖాళీ పేజీ మధ్యలో పెద్ద అక్షరాలతో 'గారు' అని రాసుకున్నాడు.