ముక్కులోంచి రక్తం కారితే తల వెనక్కి వాల్చకండి

ఎండలు ముదిరాయంటే చాలు, మా చిన్నోడికి ముక్కులోంచి రక్తం కారుతుంది. నిన్న పొద్దున దిండు గలీబు మీద, బనీను మీద ఎర్రటి మరకలు చూసి మా అత్తయ్య గారు టెన్షన్‌తో వాడి తల వెనక్కి వాల్చి ఉల్లిపాయ వాసన చూపించబోయారు, ఆవిడకి వాడంటే ప్రాణం, కానీ అలా వాల్చితే రక్తం గొంతులోకి దిగి వాంతి కావచ్చు. కూర్చోబెట్టి, తల కాస్త ముందుకు వంచి, ముక్కు ఎముకకి కింద ఉండే మెత్తటి భాగాన్ని రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుని 10 నిమిషాలు వదలకూడదు, ఆగిందా లేదా అని మధ్యలో తీసి చూడకూడదు. నోటితో గాలి పీల్చమనాలి.

పిల్లల్లో ఎక్కువగా ముక్కు లోపలి మధ్యగోడ ముందువైపు ఉండే సన్నటి నాళాలు చిట్లుతాయి. వడగాలి, రాత్రంతా ఏసీ, జలుబు, అలర్జీ, వేలు పెట్టి గెలకడం, ఇవే దానికి మామూలు కారణాలు. డాక్టరు గారు సెలైన్ చుక్కలు వేయమన్నారు, పడుకునే ముందు లోపల కొంచెం వ్యాజిలిన్ రాయమన్నారు, గోళ్లు పెరగనివ్వొద్దన్నారు. పెద్దవాళ్లకైతే బీపీ చూపించండి, రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే సొంతంగా మానేయకుండా డాక్టరుకి చెప్పండి. అరగంటైనా ఆగకపోయినా, చిగుళ్ల నుంచి కూడా రక్తం వస్తున్నా, ఒంటి మీద ఊరికే కమిలిన మచ్చలు కనిపిస్తున్నా దయచేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.