నాలుగు గుర్రాలు, పదకొండు పందేలు

మొన్న శనివారం ఇక్కడ ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఒక బెట్టింగ్ షాపులో చదువుకోడానికి వచ్చిన మన కుర్రాడొకడు చీటీ మీద నాలుగు గుర్రాల పేర్లు రాసి, కింద "1 పౌండ్ యాంకీ" (నాలుగు గుర్రాల్ని రకరకాలుగా కలిపి కాసే పందేల కట్ట) అని పెట్టి కౌంటర్‌లో ఇచ్చాడు. ఆవిడ 11 పౌండ్లు అడిగేసరికి మొహం తెల్లబోయింది. "అదేంటన్నా, నాలుగు గుర్రాలకి నాలుగు పౌండ్లే కదా?" అన్నాడు నావైపు తిరిగి. నాకు నవ్వు రాలేదు. నేనూ ఒకప్పుడు లక్కీ 15 (పదిహేను పందేల చీటీ) రాసి, ఈచ్ వే గడిలో టిక్కు పెట్టి, పదిహేనే అనుకుని ముప్పై కట్టినవాణ్ణే (ఈచ్ వే అంటే గెలుపుకొకటి, ప్లేసుకి, అంటే మొదటి కొన్ని స్థానాల్లో రావడానికి ఒకటి, ప్రతి పందెమూ రెండవుతుంది మరి).

వాడి చేతిలోని ఆ పొట్టి పెన్ను తీసుకుని చీటీ వెనక రాశాను. 1-2, 1-3, 1-4, 2-3, 2-4, 3-4. ఇవి ఆరు డబుల్స్, అంటే రెండు గుర్రాలూ గెలిస్తేనే డబ్బొచ్చే పందేలు. మూడేసి కలిపితే నాలుగు ట్రెబుల్స్, నాలుగూ కలిపితే ఇంకొకటి, మొత్తం 11 పందేలు, ఒక్కోదానికి ఒక పౌండ్. వీటికి నాలుగు సింగిల్స్ (ఒక్కో గుర్రం మీద విడి పందెం) చేరిస్తే లక్కీ 15. సింగిల్స్ లేకుండా ఆరు గుర్రాలైతే 57, దాన్ని హైంజ్ అంటారు, ఆ పేరున్న కెచప్ కంపెనీ 57 రకాల ప్రకటన పుణ్యమా అని. ఏడైతే 120, ఎనిమిదైతే 247!

మలక్‌పేటలో జాక్‌పాట్ ఆడినవాళ్లకి లెక్క వేరే. ఐదు రేసులకి 2, 1, 3, 2, 1 చొప్పున గుర్రాలు ఎంచుకుంటే గుణించుకుంటూ పోవడమే, 12 టికెట్లు. కానీ అక్కడ పెద్ద మొత్తం రావాలంటే ఐదుకి ఐదూ కొట్టాలి. యాంకీలో రెండొస్తే చాలు ఎంతో కొంత చేతికొస్తుంది, అసలు మోసపోయేది అక్కడే. గెలిచిన రెండూ ఈవెన్స్ (పౌండ్‌కి పౌండ్ లాభం) గుర్రాలైతే ఒక్క డబుల్ గెలిచి 4 పౌండ్లు వస్తాయి, కట్టింది 11. లక్కీ 15లో 8 వస్తాయి, కట్టింది 15. ఎటు చూసినా ఏడు పోయినట్టే, అయినా "నాలుగింట్లో రెండు కొట్టాన్రా" అని సంబరపడే వాళ్లని ఎంతమందిని చూశానో! పైగా ఒక్కో గుర్రం మీద బుకీ రూపాయికి పది పైసలు మిగుల్చుకుంటాడనుకుంటే, నాలుగు కలిపిన పందెంలో ఆ కోత నాలుగుసార్లు పడి మనకి అరవై ఆరు పైసల విలువే మిగులుతుంది, అందుకే ఈ చీటీలంటే బుకీకి అంత ముద్దు.

ఆ బుకీలకీ ఒక చెడ్డ రోజు వచ్చిందనుకోండి. 1996 సెప్టెంబర్ 28న ఇంగ్లండ్‌లోని ఆస్కాట్ రేస్‌కోర్సులో జాకీ ఫ్రాంకీ డెట్టోరి ఒకే రోజు ఏడుకి ఏడు రేసులూ గెలిచాడు, ఏడూ కలిపి కాస్తే ఒకటికి 25 వేల పైచిలుకు. పొద్దున 12/1 (ఒకటికి పన్నెండు లాభం) ఉన్న చివరి గుర్రం ఫుజియామా క్రెస్ట్‌ని బయల్దేరే సమయానికి 2/1కి దించినా బుకీలు మునిగారు.

కుర్రాడు చివరికి పందేనికి 10 పెన్సుల లెక్కన 1 పౌండ్ 10 పెన్సులు కట్టాడు. అరగంటకి మళ్లీ వచ్చాడు. "అన్నా, మూడోది నాన్ రన్నర్ అంట, రేసులో దిగట్లేదంట, ఇప్పుడెట్లా?" మళ్లీ చీటీ తిరగేశాం. దాంతో కలిసిన మూడు డబుల్స్ సింగిల్స్ అయ్యాయి, మూడు ట్రెబుల్స్ డబుల్స్ అయ్యాయి, పెద్దది ట్రెబుల్ అయింది. పందేలు మాత్రం 11 అలాగే ఉన్నాయి.