మా వానపాములకి ఈ పూట ఏం పెట్టాలి?

పొద్దున్నే బీరకాయ చెక్కు తీస్తూ మా అత్తయ్య అడిగే మొదటి ప్రశ్న, "అమ్మాయ్, ఈ పొట్టు మనకా, నీ పాములకా?" వెటకారం కాదు, నిజంగానే సందేహం. బీరపొట్టు పచ్చడి మా ఇంట్లో అందరికీ ఇష్టమే, బాల్కనీలో డబ్బాలో ఉన్నవాళ్లకి కూడా. మూడుసార్లలో రెండుసార్లు మేమే గెలుస్తాం.

హైదరాబాద్‌లో మూడో అంతస్తు ఫ్లాట్, తూర్పు బాల్కనీ. అడుగున చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ టబ్బు ఒకటి, దాని కింద నీళ్లు దిగడానికి ఇంకోటి, పైన తడి గోనె సంచి. రెండేళ్ల కిందట ఊరి బయట షెడ్డు వేసి వర్మీ కంపోస్ట్, అంటే వానపాములతో ఎరువు, చేసే ఒక రైతు దగ్గర పావు కిలో వానపాములు తెచ్చుకున్నాను. ఎర్రగా, సన్నగా ఉండే ఐసీనియా ఫెటిడా రకం. ఇవి మన పెరట్లో మట్టి తొలుచుకుంటూ లోతుకి పోయేవి కావు, పైపైన కుళ్లుతున్న చెత్తలో బతికేవి. ఆయన ఇచ్చేటప్పుడు ఒక్క మాటే చెప్పాడు, "పచ్చి పేడ మాత్రం వేయకమ్మా, ఉడికిపోయి చస్తాయి" అని. అది తప్ప మిగతా అన్నీ వెయ్యొచ్చేమో అనుకున్నాను. అదే తప్పు.

ఇంటికొచ్చి నెట్‌లో వెతికితే ఒకరు ఉల్లిపాయ వద్దంటారు, ఒకరు పరవాలేదంటారు. పైగా అవన్నీ చలిదేశాల వాళ్లు రాసినవి, చింతపండు పిప్పి సంగతి, పోపు వేసిన కూర సంగతి వాళ్లకెందుకు వస్తుంది? కొన్నాళ్లు ఫోన్ చూసుకుంటూ ఒక్కో తొక్క వేసేదాన్ని. తర్వాత అర్థమైంది, ఏం వేస్తున్నాం అన్నదాని కన్నా అది ఏ స్థితిలో ఉంది, ఎంత వేస్తున్నాం అన్నదే పెద్ద విషయం.

వానపాముకి పళ్లు ఉండవు. మెత్తబడిన పదార్థాన్ని, దాని మీద పెరిగే బ్యాక్టీరియాని, బూజుని కలిపి మింగుతుంది, అది లోపల ఉన్న గిజార్డులో, అంటే మేతని నలిపే కండరాల సంచిలో, ఇసుక రేణువులతో నలుగుతుంది. అంటే మనం వేసిన క్యాబేజీ ఆకుని అది తినదు, క్యాబేజీ కుళ్లితే ఆ కుళ్లుని తింటుంది. తాజా ఆకు వేస్తే వారం రోజులు అలాగే పడి ఉండేది, నేనేమో నచ్చలేదేమో అని బెంగపడేదాన్ని. ఇప్పుడు తొక్కలన్నీ చిన్న ముక్కలు చేసి, మూత ఉన్న స్టీలు డబ్బాలో రెండు రోజులు మగ్గనిచ్చి వేస్తాను. ఫ్రీజర్‌లో ఒక రాత్రి పెట్టి తీస్తే ఇంకా తొందరగా మెత్తబడతాయి, కానీ ఇడ్లీ పిండి పక్కన చెత్త పెట్టడానికి మా అత్తయ్య ఒప్పుకోలేదు, ఆవిడ మాట కూడా న్యాయమే.

ఇక అసలు గండం. పోయిన ఏడాది మే నెలలో నాలుగు రోజులు మా అమ్మ వాళ్లింటికి వెళ్తూ, "కాస్త ఎక్కువ మేత వేసి రండి" అని మా ఆయనకి చెప్పాను. ఆయన మంచి ఉద్దేశంతోనే మిగిలిన అన్నం, వంకాయ కూర, సగం గిన్నెడు పప్పు, అన్నీ కలిపి మధ్యలో ముద్దగా పెట్టి మూత వేసేశారు. తిరిగొచ్చి తలుపు తీస్తే పులిసిన కల్లు వాసన. మూత లోపలి వైపు గుత్తులు గుత్తులుగా వానపాములు, బాల్కనీ టైల్స్ మీద ఎండి పుల్లల్లా అతుక్కున్నవి ఓ యాభై దాకా. చెయ్యి లోపల పెడితే వెచ్చగా ఉంది. అన్నం ముద్ద గాలి చొరనివ్వదు, లోపల పులిసి వేడెక్కుతుంది. కూరలో ఉప్పు, నూనె సరేసరి. అవి చర్మంతోనే ఊపిరి పీల్చుకుంటాయి మరి, తడిగా ఉన్న ఆ ఒంటికి ఉప్పు తగిలితే నీరంతా లాగేస్తుంది, నూనె పూతేస్తే గాలి ఆడదు. అన్నమంతా గరిటెతో తీసి పారేసి, చించిన అట్టముక్కలు నిండా కలిపి, లైటు వేసి మూత తీసి ఉంచాను. వెలుతురు వాటికి పడదు కాబట్టి మూత మీద ఉన్నవన్నీ ఒక్కొక్కటే కిందకి దిగాయి. సగమైనా మిగిలాయి, అంతవరకు నయం. ఆ రోజు నుంచి వండినది ఏదీ ఆ డబ్బాలోకి పోదు, పెరుగన్నంతో సహా.

చింతపండు పిప్పి కూడా పోదు. పులుపు, పైగా మనం రోజూ పిండుతాం, కొంచెం కొంచెంగా ఎంత పేరుకుంటుందో తెలియదు. నిమ్మచెక్క ఒకటీ అరా పడితే కొంపలేమీ మునగవు గానీ నిమ్మకాయ పచ్చడి పెట్టిన రోజు మాత్రం చెక్కలు, గింజలు చెత్తబుట్టకే. ఉల్లిపొట్టు తక్కువ వేస్తాను, అది వాసన వల్ల, వాటికి పడదని కాదు. డార్విన్ కుండీల్లో పెంచిన వానపాములు మట్టిలో పాతిన ఉల్లిముక్కల్ని వెతికి మరీ తిన్నాయని 1881లో వేసిన పుస్తకంలో రాశాడు. అవి వేరే జాతివే, అయినా ఈ మాట చెప్పగానే మా అత్తయ్య "మరి రుచి తెలిసినవే" అన్నారు.

టీపొడి గురించి ఎవరూ చెప్పరు. మనం టీపొడిని పాలు, పంచదారతో కలిపి మరిగిస్తాం కదా, అది అలాగే వేస్తే రెండో రోజుకి చీమలు బారులు కడతాయి. జల్లెడలో రెండుసార్లు కడిగి వేయాలి. ఫిల్టర్ కాఫీ పిప్పికి ఆ గొడవ లేదు. గుడ్డు పెంకులు ఎండబెట్టి మెత్తగా నూరి చల్లుతాను, పులుపు విరుగుతుంది, గిజార్డులో నలగడానికి గరుకూ దొరుకుతుంది. నూరడానికి నాకు వేరే పాత రోలు ఇప్పించారు, మిక్సీ జోలికి రావద్దని షరతు. కరివేపాకు ఈనెలు, మునక్కాడ పిప్పి నెలలైనా కరగవు, ఎరువు జల్లించేటప్పుడు పుల్లల్లా పైకి తేలతాయి. వాటిని వేయడం మానేశాను. వినాయక చవితి పత్రి వేద్దామనుకుంటే అందులో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ఉంటాయి. ఆ విషపు ఆకులన్నీ ఏరి పక్కన పెట్టి, మామిడాకు, గరిక, మరువం లాంటివి ఎండాక వేస్తాను.

తొక్క ఎంత వేస్తే దాదాపు అంతే ఎండుది కూడా పడాలి. కొరియర్ అట్టపెట్టెలు టేపు పీకేసి, చించి, నానబెట్టి పిండినవి. లేదంటే కింద పార్కింగ్‌లో ఊడ్చి కుప్పేసిన ఎండాకులు. ఇది పట్టించుకోకపోతే అడుగున బురద, పైన పళ్ల ఈగలు. వేసవిలో పుచ్చకాయ తొక్క వేసినప్పుడు మరీ జాగ్రత్త, అంతా నీరే.

ఎంత పెట్టాలి? పరిస్థితి బాగుంటే రోజుకి వాటి బరువులో సగం తింటాయంటారు, అంటే నా పావు కిలోకి నూట పాతిక గ్రాములు. ఎండలు ముదిరితే అందులో సగం కూడా ముట్టవు. మా నలుగురికి రోజుకి కిలో దగ్గర తొక్కలు వస్తాయి, కాబట్టి "ఇంటి చెత్తంతా వానపాములే తినేస్తాయి" అనే మాట నమ్మకండి. మిగతాది కుండ కంపోస్టులోకి పోతుంది. సోమవారం ఒక మూల, గురువారం పక్క మూల తవ్వి పెట్టి కప్పేస్తాను. పెట్టేముందు పాత మూల కదిపి చూస్తాను, పోయినసారిది ఆనవాళ్లతో కనిపిస్తే ఆ రోజు ఉపవాసమే.

అన్నిటికన్నా వాటికి నచ్చింది మామిడి టెంక. మే నెలలో రసాలు తిని పడేసిన టెంక ఒకటి, పీచు బాగా ఉన్నది, ఊరికే వేశాను. నెల తర్వాత బయటికి తీస్తే పీచు నల్లబడి వదులైంది, పెంకు అంచు కాస్త విచ్చుకుంది. గోరుతో ఇంకాస్త విడదీశాను. లోపల జీడి సగం కరిగిపోయి ఉంది, మిగిలిన చోటంతా దారప్పోగుల్లాంటి పిల్లలు ఒకదాని మీద ఒకటి చుట్టుకుని కిక్కిరిసి ఉన్నాయి, అంచుల్లో ఆవగింజ కన్నా కాస్త పెద్దవి, నిమ్మపండు ఆకారంలో పచ్చటి గుడ్లు. వెలుతురు తగలగానే మొత్తం ముద్ద కదిలింది. అత్తయ్యని పిలిచి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు, తర్వాత "మూసెయ్యి, మూసెయ్యి, చలేస్తుందేమో" అన్నారు.

జూన్‌లో, హైదరాబాద్‌లో చలి!