పక్క కుట్టులో లేబుల్

కొత్త టీషర్టు విప్పగానే పక్క కుట్టులో చిన్న తెల్ల లేబుల్: మేడిన్ బంగ్లాదేశ్, కింద స్టైల్ నంబరు. గుచ్చుకుంటోందని మనం కత్తిరించి పారేసే ఈ ముక్కే అక్కడ సాక్ష్యం.

2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర సావర్‌లో బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,130 మందికి పైగా చనిపోయారు. ముందురోజే బీటలు కనిపించాయి. కింద ఉన్న బ్యాంకు మూసేశారు, కుట్టుపని వాళ్లను మాత్రం లోపలికి పంపారు. శిథిలాల్లో స్థానిక కార్యకర్తలు ఏరిన లేబుళ్లు, ఆర్డరు కాగితాలు పట్టుకుని క్లీన్ క్లోత్స్ క్యాంపెయిన్ లాంటి సంఘాలు ఐరోపాలో బ్రాండ్లను నిలదీశాయి. 'మా సరుకు అక్కడ కుట్టించలేదు' అనడం ఇక కష్టమైంది.

మే నెలలోనే బ్రాండ్లకూ యూనియన్లకూ మధ్య ఫ్యాక్టరీల భద్రతపై అకార్డ్ అనే ఒప్పందం కుదిరింది. దాని బలమంతా సంతకాల్లో లేదు, మాట తప్పితే మధ్యవర్తుల ముందుకు ఈడ్చగలగడంలో ఉంది. 2016లో యూనియన్లు రెండు బ్రాండ్లను హేగ్‌లోని మధ్యవర్తిత్వ కోర్టుకు లాగాయి. రెండూ రాజీకొచ్చాయి.

ఒప్పందం ప్రకారం ఫ్యాక్టరీల్లో మెట్ల దగ్గర తాళం పడే ఇనుప గేట్లు పీకేయడం తేలిక. పిల్లర్లు బలపరచడం, ఫైర్ డోర్లు, అలారాలు పెట్టడమే ఏళ్లు సాగింది. ఖర్చెవరిదన్న పేచీ మరి! షర్టు రేటు పెంచమంటే కొనే బ్రాండు మొహం తిప్పుకుంటుంది. ఒప్పందంలో దానికీ ఒక షరతు ఉంది, అమలు చేయించడమే కష్టం.