గోడ వచ్చిందని చెప్పే కర్ర

విజయనగరంలో నా దగ్గర ఈత నేర్చుకుంటున్న ఒక పదమూడేళ్ల అబ్బాయికి పుట్టుకతోనే చూపు లేదు. శ్రీకాకుళం దగ్గర నాగావళి ఒడ్డున పుట్టి, నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టుకుని ఈత నేర్చినవాడు కనుక అతనికి నీళ్లంటే భయం లేదు. భయమల్లా కొలను గోడంటేనే. అది ఎప్పుడు తగులుతుందో తెలియక, సగం దూరం దాటగానే బారలు కుదించి, ఒక చేతిని ముందుకు చాచి తడుముకుంటూ వెళ్లేవాడు.

పారాలింపిక్ పోటీల్లో దీనికి చక్కని ఏర్పాటు ఉంది. చూపు దాదాపు పూర్తిగా లేనివారి ఎస్11 విభాగంలో అందరూ వెలుతురు చొరని నల్లని కళ్లద్దాలు పెట్టుకోవాలి. గోడ దగ్గరపడగానే గట్టు మీద నిలబడిన సహాయకుడు మెత్తని మొన ఉన్న కర్రతో వారిని తట్టాలి. నేను వెదురు కర్ర చివర స్పాంజి చుట్టి, దానిపై పాత ఈత టోపీ బిగించాను. మొదటి వారం ఆలస్యంగా తట్టడంతో అతని వేళ్ల కణుపులు గీసుకుపోయాయి. ఆ తప్పు నాదే, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అలసిపోయినకొద్దీ బార పొట్టిదవుతుందని, దానినిబట్టి తట్టే చోటు కూడా మారాలని అతనే నాకు నేర్పాడు. "మాస్టారూ, ఇంకాస్త ముందు తట్టండి, చివరి బార నిండుగా వేస్తాను" అన్నాడు.

శారీరక వైకల్యం ఉన్నవారికి ఎస్1 నుంచి ఎస్10 వరకు విభాగాలున్నాయి; గట్టు మీద నుంచి దూకలేనివారు నీళ్లలో నుంచే మొదలుపెట్టవచ్చు. 1965 యుద్ధంలో తీవ్రంగా గాయపడిన మురళీకాంత్ పేట్కర్ 1972లో హైడెల్‌బర్గ్‌లో 50 మీటర్ల ఫ్రీస్టయిల్‌లో స్వర్ణం గెలిచి, పారాలింపిక్స్‌లో భారతదేశానికి తొలి బంగారు పతకం తెచ్చారని తల్లిదండ్రులకు నేను తప్పక చెబుతాను. అయినా ఒక కొలను నిర్వాహకుడు "ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది?" అని మమ్మల్ని గుమ్మంలోనే ఆపేశాడు. వికలాంగులు క్రీడల్లో పాల్గొనేందుకు ప్రభుత్వం వీలు కల్పించాలని 2016 నాటి చట్టం చెబుతున్నప్పుడు, మెట్ల పక్కన ఒక పట్టుకమ్మీ, బట్టలు మార్చుకునే గదిలో ఒక కుర్చీ, జారని చాప అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

కొలనుకు రెండు గోడలు ఉంటాయి కాబట్టి తట్టేవారు ఇద్దరు కావాలి. ఇన్నాళ్లూ గేటు బయట చెట్టు కింద కూర్చునే ఆ అబ్బాయి తల్లి, ఇప్పుడు చీర కుచ్చిళ్లు ఎగదోపి, రెండో కర్ర పట్టుకుని అవతలి గట్టున నిలబడుతున్నారు.